పాలిష్ మేస్త్రీ పార్ట్‌నరయ్యాడు

హలో… ఆ, నేనేరా, అక్కనే. పేరు కనబడుతూనే ఉంటుందిగా, "ఎవరూ" అంటావేంటి?

…

లేదు, వార్డులో లేను. మెట్ల దగ్గర కిటికీ ఉంటే అక్కడ నిలబడ్డాను. లోపల మాట్లాడనివ్వరు.

… మీ బావా? ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. నడిచే వస్తానని పంతం పట్టాడు. మంచం దిగి తలుపు దాకా వెళ్ళేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. చక్రాల కుర్చీ తెప్పించారు.

— ఆగు. పరామర్శ తర్వాత చేద్దువుగాని. ముందు నాకొకటి చెప్పు. బీమా ఆఫీసు నుంచి ఒకావిడ నీకు ఫోన్ చేసిందా, లేదా?

… చేసింది. ఏం చెప్పావు?

… నీళ్ళు నమలకురా. ఏం చెప్పావు?

… "ఆయన మా వర్కర్ కాదండీ, మా పార్ట్‌నర్." శభాష్. ఎంత తడుముకోకుండా చెప్పావో. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పమంటే ఇంత గడగడా ఎప్పుడూ రాలేదు నీకు.

…

అరవట్లేదు. అరవడానికి లేదిక్కడ, గోడ మీద బోర్డు పెట్టారు. బయటైతే అరిచేదాన్నే.

… ఆ, కాగితాల్లో అలాగే ఉంది. కాగితాలు రాయించిందెవరు? నేనా? మీ బావ రాయించాడా? ఆయనకి వార్నిష్ డబ్బా మీద రాసుండేది తప్ప ఇంకేం చదివే ఓపిక లేదని నీకు తెలీదూ?

… డాక్టర్ చెప్పాల్సింది చెప్పేశాడు. కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ పొర గట్టిపడి పట్టేసిందట. ఆపరేషన్ చేసి ఆ పొర తీసెయ్యాలి. బీమా వాళ్ళు సరేనంటే రేపు పొద్దున్నే చేస్తారు. కాదంటే మందులిచ్చి ఇంటికి పంపేస్తారు. ఇంటికెళ్తే ఏమవుతుందో నేనడగలేదు. డాక్టర్ కూడా చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

…



… "అయ్యో" అంటే సరిపోయిందా? నీ ఫర్నిచర్ షెడ్డులో ఇన్నేళ్ళు పాలిష్ కొట్టి కొట్టి తెచ్చుకున్న జబ్బది. ఆ స్ప్రే గదికి ఒక్క కిటికీ పెట్టించరా అంటే, దుమ్ము పడి టేబుళ్ళ మెరుపు పోతుందన్నావు. టేబుళ్ళు బాగానే మెరుస్తున్నాయి.

… ఆగమ్మా, పక్కకి జరుగుతాను… వెళ్ళండి, వెళ్ళండి. … నీతో కాదు. ట్రాలీ వస్తోంది.

ఆ, చెప్పు.

… చట్టాన్ని తిట్టకు. దాని గురించి నాకు పాఠం చెప్పకు. అది రాకముందు మీ బావకి బీమా ఇచ్చిన వాడెవడు? ఏజెంట్లు నవ్వుకుంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. మీ బావ ఒక్కసారి దగ్గితే చాలు, టీ కూడా తాగకుండా బ్యాగు సర్దుకునేవాళ్ళు. ఆ తర్వాత కొత్త చట్టం వచ్చింది. పాత జబ్బుందని ఎవర్నీ కాదనకూడదన్నారు. పదిమందో, ఆ పైనో పనిచేసే చోట యజమానే అందరికీ బీమా చేయించాలన్నారు. ఆ వార్త విన్నరోజు నేను ఊరికే ఏడ్చాను, తెలుసా? సంతోషంతో. మా తమ్ముడి షెడ్డేగా, ఇంకేం భయం అనుకున్నాను.

… నేనెంత తెలివితక్కువదాన్నో చూడు.

ఆ వారంలోనేగా నువ్వు స్వీటు డబ్బా పట్టుకుని ఇంటికొచ్చింది? "బావా, ఇన్నాళ్ళూ నా కింద పనిచేశావు, ఇకమీదట నా పక్కన కూర్చోవాలి" అన్నావు. మునగచెట్టు ఎక్కించావు ఆయన్ని. పార్ట్‌నరన్నావు. నీ ఆఫీసు అద్దాల గదిలో ఒక కుర్చీ వేయించావు, తలుపు మీద ఆయన పేరు రాయించావు. ఆయన ఆ కుర్చీలో ఎలా కూర్చునేవాడో చూశావా ఎప్పుడైనా? బట్టలకున్న పాలిష్ అంటుకుంటుందని కింద పేపరు పరుచుకుని కూర్చునేవాడు. అదీ భోజనాల టైములో. నువ్వు బెల్లు కొట్టగానే లేచి మళ్ళీ స్ప్రే గదిలోకి పోయేవాడు.

… నవ్వొస్తోందా?

… సరే, నవ్వలేదు. నాకే అలా వినబడింది.

… ఒక్క మీ బావనేనా నువ్వు పెద్దవాణ్ణి చేసింది? కుషన్లు కుట్టే అమ్మాయిని అడిగాను. తను సొంత వ్యాపారం చేసుకుంటోందట. నీ షెడ్డులో, నీ మిషను మీద, నీ గుడ్డతో. కడుపుతో ఉన్న పిల్ల, మూత్రానికి వెళ్ళాలన్నా నిన్నడిగి లేస్తుంది. అది వ్యాపారస్తురాలు. వడ్రంగులు నలుగురూ కాంట్రాక్టర్లు. లారీకి సామానెత్తేవాళ్ళు "సేవలందించే సంస్థ". నీ షెడ్డులో పనివాడంటూ ఒక్కడు మిగల్లేదురా, అందరూ యజమానులే. వాచ్‌మనొక్కడే పాపం ఇంకా వాచ్‌మన్‌లా ఉన్నాడు. వాణ్ణి కూడా డైరెక్టర్ని చేసెయ్, లోటు తీరిపోతుంది.

…

… మీ ఆడిటరు చెప్పాడా? ఆడిటరు బావిలో దూకమంటే ముందు ఎవర్ని దూకిస్తావో నాకు తెలుసులే.

… ఏంటి? … అందరికీ బీమా కడితే షెడ్డు మూసుకోవాలా?

…

ఉండు, ఆ మాట నిజమే అనుకుందాం. కట్టలేవు, ఒప్పుకుంటాను. మరి అదే మాట మీ బావతో చెప్పొచ్చుగా? "బావా, మోయలేకపోతున్నాను, ఏం చేద్దాం" అని ఒక్క మాటంటే, ఆ పిచ్చిమనిషి తనే పక్కకి తప్పుకునేవాడు. ఏటా ఇచ్చే గడువులోపల మా బీమా మేమే కొనుక్కునేవాళ్ళం. సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళు ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలటగా? నాకేం తెలుసు, మేం వ్యాపారస్తులమయ్యామని. అయినా నేనడిగాను నిన్ను. మీ వాకిట్లో నిలబడి అడిగాను, బీమా సంగతేంట్రా అని. "బావ సంగతి నేను చూసుకుంటాను అక్కా" అన్నావు.

… మర్చిపోయావు.

… మర్చిపోయావు! కొత్త షోరూముకి ఏ రంగు దీపాలు పెట్టాలో మర్చిపోలేదు. నీదీ, మీ ఆవిడదీ, పిల్లలదీ బీమా మర్చిపోలేదు. గడువు దాటిపోయింది, ఇంక వచ్చే ఏడాదే. అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకోమని మీ బావకి చెప్పనా?

…

సరే విను. తిట్టడానికి చెయ్యలేదు ఫోను. … లేదు, తిట్టడానికే చేశాను, కానీ అదొక్కటే కాదు.

ఆ బీమా ఆవిడ పొద్దున వార్డుకొచ్చింది. మంచి మనిషి. చట్టంలో ఒక దారుందని చెప్పింది. కాగితం మీద ఏం రాసుందన్నది కాదట, మనిషి నిజంగా ఏం పని చేస్తున్నాడు, ఎవరి మాట మీద చేస్తున్నాడు అన్నదే చూస్తారట. పనివాడని తేలితే ముందు ఖర్చు వాళ్ళే పెట్టి, బీమా చేయించనందుకు తర్వాత నిన్ను పట్టుకుంటారు, ఆపరేషన్ మాత్రం ఆగదు. అందుకని ఆవిడ మంచం పక్కన కూర్చుని మీ బావని నెమ్మదిగా అడిగింది. "మీకు పని చెప్పేదెవరండీ? సెలవు కావాలంటే ఎవర్నడుగుతారు?"

ఆయనేమన్నాడో తెలుసా?

… ఆక్సిజన్ మాస్కు కిందికి లాక్కున్నాడు. ఆ ఒక్క మాట కోసం ఊపిరంతా కూడదీసుకున్నాడు. "నాకొకరు పని చెప్పడమేంటమ్మా, నేను పార్ట్‌నర్ని" అన్నాడు. పక్కమంచం వాడి వైపు కూడా చూశాడు, విన్నాడా లేదా అని.

…

… నేనా? నేను ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. నాకు నోరు రాలేదురా. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసుంటే నీకూ వచ్చేది కాదు. … నీకొచ్చేదేమోలే.

ఆవిడకి అర్థమైంది. చేతులు చూసింది, గోళ్ళ చుట్టూ ఆ గోధుమరంగు చూసింది. అయినా ఆయన నోటితో అనాలిగా, లేదా నువ్వనాలి. సాయంత్రం మళ్ళీ వస్తానంది. ఇంకోసారి అడుగుతానంది.

అందుకే చెప్తున్నాను. బయల్దేరి రా. ఆవిడ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పు. "ఈయన నా దగ్గర పనిచేసే మనిషి, పార్ట్‌నరన్నది ఉత్తి మాట" అని చెప్పు. అంతే. నాకింకేం వద్దు.

…

…

ఉన్నావా?

… తెలుసు, మీ బావ ఒక్కడు పనివాడైతే కుషన్ల అమ్మాయి దగ్గర్నుంచి అందర్నీ లెక్కేస్తారు. అవ్వనీ. వాళ్ళకి మాత్రం ఊపిరితిత్తులు లేవా?

… ఏమన్నావు?

… ఖర్చు నువ్వు పెట్టుకుంటావా? ఎవరికీ తెలియకుండా?

… ఎప్పుడు? … హోటలు వాళ్ళ ఆర్డరు డబ్బులొచ్చాక. అంటే ఎప్పుడు? … చూశావా, నీకే తెలీదు. ఆ హోటలు వాళ్ళు మంచాలు దించుకుని, బిల్లు పాస్ చేసుకుని, నీకు పంపేదాకా డాక్టర్ కత్తి పట్టుకుని నిలబడాలన్నమాట. సరే, ఈసారి పెట్టావే అనుకుందాం. మళ్ళీ స్కానింగులుంటాయి, మందులుంటాయి. ప్రతిసారీ నీ మొహం వంక చూసి ఊపిరి పీల్చుకోవాలా ఆయన? చట్టం ఇచ్చిన హక్కురా అది. దాన్ని లాక్కుని, తిరిగి నాకే దానం చేస్తానంటున్నావు. పైగా రహస్యంగా.

… ఛీ.

… అవును, నిన్నే అన్నాను.

…

… కొత్త పాట మొదలెట్టావు. "బావ మనసు విరిగిపోతుంది." … కాదు కాదు, ఇంకోసారి అను, సరిగ్గా వింటాను. … "పెద్దరికం పోతుంది, పదిమందిలో చిన్నబోతాడు."

బావ పరువు మీద ఎంత బెంగరా నీకు. ఆయన పరువు నీకు గోడలాగా అడ్డం కావాలి, దాని వెనక నువ్వు దాక్కోవాలి. ఆయనేమో ఆ గోడ కింద ఊపిరాడక పోవాలి. అదేగా?

… ఏడవకు. నీ ఏడుపు నాకు ఎప్పట్నుంచో తెలుసు. గాజు గ్లాసు పగలగొట్టి నా పేరు చెప్పిన రోజు కూడా ముందు నువ్వే ఏడ్చావు.

వస్తావా, రావా?

…

… "ఆలోచించుకుని చెప్తాను."

సరే. నువ్వాలోచించుకో. బాగా ఆలోచించుకో, మీ ఆడిటర్ని కూడా కూర్చోబెట్టుకో. నిన్ను రమ్మని అడగడమే నా బుద్ధితక్కువ. నువ్వు రావని తెలిసే అడిగాను. పార్ట్‌నర్ కాదన్న ఆ మాట ఆయనకి నేను చెప్పక్కర్లేకుండా పోతుందేమోనని నా ఆశ. ఇరవై ఏళ్ళు కాపురం చేశాను, ఆయనకి ఎదురుచెప్పడం నాకు కొత్తేం కాదు. కానీ ఇదొక్కటి…

… ఉండు.

లిఫ్టు తెరుచుకుంది. తీసుకొస్తున్నారు.

— పెట్టెయ్యకు. అలాగే లైన్లో ఉండు. ఉండమన్నాను.

నిదానమండీ… బాబూ, ఇక్కడే ఆపు, నేను తోసుకెళ్తాను. … చల్లగా ఉందా ఆ గది? దుప్పటి పైకి లాక్కోండి. … మాట్లాడకండి, ఆయాసం వస్తుంది.

… ఫోనా?

… నవ్వుతున్నాడురా. నువ్వేనని కనిపెట్టేశాడు. షెడ్డులో పనెలా నడుస్తోందో కనుక్కోమంటున్నాడు, హోటలు మంచాలకి రెండో కోటింగు వేశారా అని.

… ఏమండీ. ఇటు చూడండి. ఎవరో చెప్తాను.

మీ ఓనరు.

… ఆ, తమ్ముడే. నాకు తమ్ముడు, మీకు ఓనరు. … వేళాకోళం కాదు. … కాదండీ, మీరు పార్ట్‌నర్ కాదు. ఎప్పుడూ కాదు. బీమా కట్టాల్సొస్తుందని మీకా పేరు పెట్టాడు. … నాకా? నిన్న ఇక్కడ కౌంటర్ దగ్గర మీ పేరు మీద బీమా లేదన్నప్పుడే తెలిసింది. పొద్దున ఆవిడ ముందు చెప్దామంటే నోరు రాలేదు.

… సాయంత్రం వస్తుంది. అడుగుతుంది. వాడి దగ్గర పాలిష్ కొడతానని చెప్పండి. అంత చెప్తే చాలు.

… నిజమో కాదో వాణ్ణే అడగండి, అడగండి. వింటూనే ఉన్నాడు. ఇదిగో, మీ చెవి దగ్గరే పెట్టాను.

…

…

… ఏమంటున్నాడండీ?

… ఏమీ అనట్లేదా?

ఇలా ఇవ్వండి ఫోను. … అలా చూడకండి నా వంక. మాస్కు పెట్టుకోండి. నెమ్మదిగా, నెమ్మదిగా పీల్చండి.

… నువ్వింకా ఉన్నావా? పెట్టెయ్.