కడుగు నీళ్లు

నీళ్ల ప్లాంటులో ఫిల్టర్ గది. తలుపుకి లోపల గడియ.

"లే. లేవయ్యా బావా! ఇంకా అయిపోలేదు."

"ఒరేయ్... పన్ను ఊడింది రా. ఆ రెంచి కింద పడెయ్. ఏమైందో చెప్పి కొట్టు."

"ఏమైందా? నా కొడుకు ఆస్పత్రిలో నెత్తురు కక్కుతున్నాడు! నీ ప్లాంటు నీళ్లు తాగి!"

"చిన్నోడా? ఎప్పుడు? నాకెవరూ..."

"నటించకు! సబ్బునీళ్లలా ఉన్నాయి నాన్నా, తాగనంటే నేనే నెత్తిన మొట్టి తాగించాను. మావయ్య ప్లాంటు నీళ్లురా, నోరు మూసుకుని తాగమని. నేనే! విన్నావా?"

"సబ్బునీళ్లలానా? అయ్యో... అయ్యో దేవుడా."

"ఏంటా అయ్యో? అంటే నీకు తెలుసన్నమాట!"

"ఆగు, ఆగు! తర్వాత కొడుదువుగాని, ముందు ఫోన్ చెయ్. ఆర్సెనిక్ అని డాక్టరుకి చెప్పమను. కాస్టిక్ సోడా కూడా. రెండూ. చెయ్యరా!"

"హలో... ఏడవకు. ఏడవకే, విను. డాక్టరుతో ఆర్సెనిక్ అని చెప్పు. ఆ, ఆర్సెనిక్. కాస్టిక్ సోడా కూడా. పరిగెత్తు! ...ఇప్పుడు చెప్పు. ఆ విషం నీళ్లలోకి ఎలా వచ్చింది?"

"బోరు నీళ్లలోనే ఉంది రా అది. ఈ ట్యాంకులో గుళికలున్నాయే, వాటికి ఇనప నానో పొడి పూసి ఉంటుంది. విషాన్ని అదే పట్టి ఉంచుతుంది. నిండిపోయాక కాస్టిక్ నీళ్లతో కడగాలి. అప్పుడు నెలల తరబడి పట్టిందంతా ఒక్కసారే వదిలేస్తాయి. ఆ కడుగు నీళ్లు విడిగా డ్రమ్ములోకి తియ్యాలి."

"తియ్యలేదు."

"తీశారు... తీశాను. పైపులో కాసిని మిగిలిపోయినట్టున్నాయి. మహా అయితే ఒక్క క్యాన్."

"ఒక్క క్యాన్! వీధి వీధంతా తాగింది, ఒక్కడికీ ఏమీ కాలేదు. మా ఇంటికే ఎందుకొచ్చింది? మొన్న నలుగురిలో నిన్ను నానా మాటలూ అన్నాననేగా? పగబట్టి పంపావు!"

"పిచ్చోడా, పసివాడి మీద పగేంట్రా! అమ్మా! చెయ్యి! చెయ్యి విరిగింది రా..."

"ఇంకో చెయ్యి ఉంది. ఎవరు కడిగారు?"

"నేనే. నేనే కడిగాను, నేనే పంపాను. చంపుకో."

"అబద్ధం! నిన్న ఆ క్యాన్ వచ్చేసరికి నువ్వు ఊళ్లోనే లేవు. సాయంత్రం బస్సు దిగుతుంటే నా కళ్లతో చూశాను. ఎవర్ని దాస్తున్నావు?"

"ఎవర్నీ లేదు. ఆస్పత్రికి పోరా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"నీ పనివాడేనా? వాడి తల పగలగొట్టి ఈ ట్యాంకులోనే తొక్కేస్తాను. చెప్పు! చెప్పకపోతే ఈ రెండో చెయ్యి కూడా..."

"తమ్ముడూ! తలుపు తియ్."

"నువ్వు వెళ్లక్కా. నీకు సంబంధం లేదు."

"ఒసేయ్, ఇంటికి పో! వీడు మనిషిలా లేడు, లోపలికి రాకు!"

"ఆయన్ని వదలరా. నిన్న కడిగింది నేను."

"...నువ్వా?"

"అవున్రా. డ్రమ్ము నిండగానే అయిపోయిందనుకుని కుళాయి క్యాన్ల వైపు తిప్పేశాను. పైపులో ఉంటాయని తోచలేదు నా బుర్రకి."

"దాని మాట వినకు! నన్ను కొట్టు, నన్ను!"

"నువ్వుండు బావా! అక్కా... సరే, తెలియక చేశావు. ఇన్ని ఇళ్లుండగా అది మా ఇంటికే ఎందుకొచ్చిందే? మా ఒక్క ఇంటికే?"

"గుళికలు కడిగిన రోజు నీళ్లు తేటగా వస్తాయి కదరా... మొదటి క్యాన్ నీకు పంపకుండా ఇంకొకళ్లకి ఏనాడైనా పట్టానా?"