టీసీలతో విహారయాత్ర

కొండదారి మలుపులో ఇంజను వేడెక్కి కారు ఆగింది. భార్య పిల్లల్ని తీసుకుని ఎదుటి టీ కొట్టుకు వెళ్లింది. కారులో అల్లుడు, వెనక సీటులో అత్తగారు మిగిలారు.

“అల్లుడుగారూ, ఎప్పుడూ సముద్రమేనా, నాలుగు రోజులు కొండ మీది ఊరు చూసొద్దాం అన్నారు కదా?”

“అవునండీ అత్తయ్యగారూ.”

“మరి పిల్లల టీసీలు కూడా ఊరు చూడ్డానికే వస్తున్నాయా?”

“నా బ్యాగు తీశారా?”

“చిన్నది వాంతి చేసుకుంటే తువ్వాలు కోసం తీశాను. తువ్వాలు లేదు గానీ మీ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు దొరికింది.”

“ప్రమోషనండీ. తనకు ఊరు నచ్చాక మెల్లగా చెబుదామని.”

“బాగా ఆలోచించారు. దాని ఉద్యోగానికి రాజీనామా కూడా మీరే రాసేశారా, ఆ ఒక్క పనీ దానికి వదిలారా?”

“దయచేసి తనకు చెప్పకండి.”

“ఇందాకే చూపించాను. నవ్వింది. దానికి వారం కిందటే తెలుసట, స్కూలు వాళ్లు ఫోన్ చేశారట.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“ఏ మలుపు దగ్గర నోరు విప్పుతారో చూద్దామని. ఇప్పటికి ముప్పై దాటాం.”



“రానంటుందా?”

“అది దాన్నే అడగండి. రానంటే మాత్రం తాళాలు నాకిచ్చేయండి. నాకూ లైసెన్సుంది, దాన్నీ పిల్లల్నీ నేను కిందికి తీసుకెళ్తాను. మీరు బస్సెక్కి పైకి వెళ్లండి.”

అతను తాళాలు కారులోనే వదిలి టీ కొట్టు వైపు నడిచాడు.