పదహారు గళ్ళ మేడమ్

ప్రదర్శన హాలు. ఐదింటికి తలుపులు తెరవాలి, అప్పుడే నాలుగున్నర దాటింది. గోడ నిండా ఒక సినిమా తార మొహం, పదహారు గళ్ళలో పదహారు రంగుల్లో. దాని ముందు ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. ఒకరు ఆ బొమ్మ చేసిన ఫొటోగ్రాఫరు. రెండో మనిషి అతని పిన్ని, బొమ్మ మీద కప్పాల్సిన తెరను ఇస్త్రీ చేయడానికి వచ్చి, బొమ్మను మొదటిసారి చూసింది.

"అది నేనేరా."

"పిన్నీ, మెల్లిగా."

"మెల్లిగా అంటే నేను కాకుండా పోతానా? నేనే. పదహారుసార్లు నేనే."

"అది మేడమ్. చూసినవాళ్ళందరూ మేడమ్ అన్నారు. నువ్వొక్కదానివే..."

"వాళ్ళకేం తెలుసు? అరవై రెండేళ్ళుగా రోజూ అద్దంలో చూసుకుంటున్నాను, నా మొహం నాకు తెలీదా?"

"అద్దంలో నీ జుట్టు నీలంగా ఉంటుందా?"

"ఉండదు."

"పెదాలు గులాబీ రంగులో ఉంటాయా?"

"ఉండవు. నువ్వు పూశావు. ఆ మూల గడిలో మొహానికి పసుపుపచ్చ కూడా పూశావు, కామెర్లొచ్చినట్టు. నన్నొక్క మాట అడిగావా?"

"దాన్ని పాప్ ఆర్ట్ అంటారు పిన్నీ."

"అంటే?"

"అంటే... కొట్లో సబ్బు డబ్బా ఉంటుంది. రోజూ కంటికి కనపడుతుంది గానీ ఎవరూ దాన్ని నిలబడి చూడరు. దాన్నే గోడంత చేసి, రంగులేసి, పక్కపక్కన పది పెట్టామనుకో, అప్పుడు నిలబడి చూస్తారు. సినిమావాళ్ళ మొహం కూడా సబ్బు డబ్బా లాంటిదే. మంచి గౌనేసి ఫొటో తీస్తాం, పత్రికల మీద వేస్తాం, చివరికి..."

"నీ మొహం సబ్బు డబ్బా అని మేడమ్‌తో చెప్పావా?"

"చెప్పలేదు."

"బతికిపోయావు. సరే, ఆ చెవులు చూడు."

"చెవులకేం?"

"రెండూ కనపడుతున్నాయి."

"చెవులన్నాక కనపడవా?"

"మేడమ్ చెవులు నువ్వెప్పుడైనా చూశావా? ఎనిమిదేళ్ళుగా ఆవిణ్ణి ఫొటోలు తీస్తున్నావు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ గౌన్లు నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఏ గౌనేసినా జుట్టు చెవుల మీదే. ఒక్కసారైనా కమ్మలు పెట్టుకుందా?"

"అది ఆవిడ స్టైలు."

"స్టైలట! మరి నేనెలా కూర్చుంటాను? చెప్పు. నీ పాస్‌పోర్టు ఫొటోల కొట్లో లైట్లు సరిచూసుకోవడానికి పదేళ్ళు కూర్చోబెట్టావు కదా నన్ను. ఏమని నేర్పావు?"

"గడ్డం కొంచెం పైకి. రెండు చెవులూ కనపడాలి."

"ఆ. అప్పట్నుంచీ లైటు కింద కుర్చీ కనపడితే చాలు, జుట్టు వెనక్కి తోసేసుకుంటాను. విగ్గయినా సరే. ఆ కుడి చెవి తమ్మె చూడు. జూకాల బరువుకి సాగింది. పదహారు గళ్ళలోనూ సాగే ఉంది."

"అయ్యో."

"ఇప్పుడా అయ్యో అనేది?"

"పిన్నీ, ఆరోజు ఏం జరిగిందంటే..."

"నాకు తెలీదా? మేడమ్ తొమ్మిదింటికి రావాలి. ఎప్పట్లాగే పదకొండింటికి వచ్చింది. అందాకా ఆవిడ గౌనూ విగ్గూ నాకు తగిలించి, లైటు కోసం కూర్చోబెట్టావు. గౌను వీపు మీద కలవకపోతే నాలుగు పిన్నులు కూడా గుచ్చావు."

"మేడమ్ పావుగంట కూర్చుని వెళ్ళిపోయింది. రెండు వందల ఫొటోలు తీశాను. అన్నిట్లోనూ అదే నవ్వు, ఇన్నాళ్ళూ అన్ని పత్రికల మీదా ఉన్న నవ్వు. ఒక్కదాంట్లో మాత్రం కళ్ళల్లో ఏదో ఉంది. కోపం కాదు, దిగులూ కాదు. నాకు ఒళ్ళు జలదరించింది. దాన్నే తీసుకుని రంగులేశాను."

"ఆకలిరా అది. పొద్దున్నుంచీ నువ్వు ఏమీ పెట్టలేదు."

"పత్రికాయన 'ఆత్మ తాలూకు ఏకాంతం' అని రాశాడు."

"ఆకలే."

"రంగు పోస్తే ముడతలు పోతాయి పిన్నీ, నీడలు పోతాయి. ఇక గుర్తుపట్టడానికి ఏం మిగులుతుంది? మేడమ్ మేనేజరే గుర్తుపట్టలేదు. అభిమాన సంఘం వాళ్ళయితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

"నా చెవులు చూసా?"

"మేడమ్ ఇన్నాళ్ళకి చెవులు చూపించిందని."

"పాపం. ఆవిడ రాగానే నిజం చెప్పెయ్."

"చెప్తే నా పని అయిపోయినట్టే. బొమ్మ కింద మేడమ్ సంతకం పడితేనే తలుపులు తెరుస్తానన్నాడు హాలాయన. లేకపోతే దించేస్తాడు. రేపటి పత్రిక కవరు మీదా ఇదే బొమ్మ, అచ్చయిపోయింది కూడా. అది నేను కాదని ఆవిడ ఒక్క మాటంటే, ఇక జన్మలో నన్నెవరూ పిలవరు. మళ్ళీ పాస్‌పోర్టు ఫొటోలే."

"అదేమన్నా తప్పు పనా? ఆ కొట్టే కదరా ఇన్నాళ్ళూ మనకి తిండి పెట్టింది."

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క అరగంట. అరగంట నోరు మూసుకో."

"నేను నోరు మూసుకుంటాను సరే. పదహారు జతల చెవులు ఎలా మూస్తావు?"

"నల్లరంగు డబ్బా ఏదీ? జుట్టు కిందికి దించేస్తాను."

"నీలం జుట్టుకి నల్లరంగేంటిరా?"

"నీలం అయిపోయింది పిన్నీ!"

"ఉష్. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆవిడే."

"ఆవిడ టైముకి రావడమేంటి? ఎప్పుడైనా వచ్చిందా? నమస్కారం మేడమ్! రండి, రండి. ఇటు నిలబడి చూడండి. కొంచెం దూరం నుంచి. ఇంకొంచెం దూరం. ఆ గుమ్మం దగ్గర్నుంచయితే ఇంకా బాగుంటుంది."

"గుమ్మం దగ్గర్నుంచి ఏం కనపడుతుందండీ? ఆవిడెందుకు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు?"

"మా పిన్ని మేడమ్. దగ్గు."

"ఇది నేనేనా?"

"మీరే మేడమ్. పదహారుసార్లు మీరే."

"నేను కెమెరా ముందు ఎప్పుడూ ఇలా కూర్చోలేదే."

"ఒక్కోసారి మనకే తెలియని మన లోపలి మనిషి..."

"చెవులు నావి కావు."

"అది, రంగు వల్ల... లైటు పక్కనుంచి పడి..."

"నావమ్మా. చెవులు నావి, మొహం నాది. వాణ్ణేమీ అనకండి. మీరు వచ్చేదాకా లైటు కోసం నేను కూర్చున్నాను, వీడు పొరపాటున నా ఫొటోకి రంగులేశాడు."

"పిన్నీ!"

"అరగంట అన్నావు, అర నిమిషం కూడా నా వల్ల కాలేదు. ఏం చెయ్యమంటావు?"

"మేడమ్, తప్పు నాదే. కావాలని చేసింది కాదు. మేడమ్? ఏడుస్తున్నారా?"

"నవ్వుతున్నాను. ఇంత మేకప్ కింద రెండూ ఒకేలా ఉంటాయి. లైటు కోసం కూర్చున్నారా పెద్దమ్మా?"

"ఆ."

"ఎవరో ఆలస్యంగా వస్తారని?"

"ఎవరో ఏంటి తల్లీ, మీరే. ఎప్పుడూ మీరే."

"నేనూ లైటు కోసమే కూర్చున్నాను. పన్నెండేళ్ళ కిందట. అసలు మేడమ్ నేను కాదు, మా అక్క. ఆ రోజు అక్క ఎంతకీ రాలేదు. అక్క గౌను నాకు వేసి, లైట్లు చూసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు. ఫొటో తీశారు. అచ్చేశారు. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు కారు నా కోసం వచ్చింది."

"మీ అక్క ఏమంది?"

"పత్రిక తెప్పించుకుని చూసింది. 'నాకంటే ఇదే నాలా ఉంది' అంది. ఇప్పుడు మొక్కలు పెంచి అమ్ముకుంటోంది. కడుపు నిండా తింటుంది, సైకిలు మీద తిరుగుతుంది. ఒక్కరూ గుర్తుపట్టరు."

"అయితే... ఎనిమిదేళ్ళుగా నేను తీసింది..."

"అక్కని కాదు. మా ఇద్దరికీ ఒక్కటే తేడా. అక్క చెవులు చిన్నవి. నావి ఇదిగో, ఎంత పెద్దవో చూడండి."

"అబ్బో! ఎంత చక్కటి చెవులమ్మా! వీడు స్టైలంటాడు, స్టైలు!"

"మేడమ్, ప్రాణం పోయినా ఎవరికీ చెప్పను. ఒట్టు. కానీ ఆ సంతకం... ఐదవుతోంది..."

"మీ పిన్నిగారు పెడతారు. మొహం ఆవిడది కదా."

"పిన్ని సంతకమా?"

"తేలికే పెద్దమ్మా. రెండు సున్నాలు, ఒక గీత. నేనూ అక్క దగ్గర పది నిమిషాల్లో నేర్చుకున్నాను. ఆ, అంతే. రెండో సున్నా ఇంకాస్త పెద్దది."

"గీత వంకరపోయిందమ్మా."

"నాదీ వంకరే. అచ్చు గుద్దినట్టు పెట్టారు. ఇవిగో నల్ల కళ్ళద్దాలు, పెట్టుకోండి. ఈ కోటు కూడా. ఆ ఇస్త్రీపెట్టె ఇలా ఇవ్వండి, తెర ఇంకా నలిగే ఉంది."

"మేడమ్, ఏం చేస్తున్నారు మీరు?"

"ఇస్త్రీ. పన్నెండేళ్ళయింది ఇది ముట్టుకుని. చేతికి ఎంత హాయిగా ఉందో."

"బయట జనం తలుపులు బాదుతున్నారు! పిన్నీ, ఆ కళ్ళద్దాలు తీసెయ్. మేడమ్, మీరు పెట్టుకోండి. ఎవరైనా చూస్తే?"

"చూడనివ్వండి. బొమ్మలో ఉన్నట్టే ఉందంటారు. రేపు కవరు మీద కూడా ఆవిడే కదా. నన్ను చూసి ఎవరీ ఇస్త్రీ మనిషి అని కూడా అడగరు."

"మరి రేపు సబ్బు ప్రకటనకి మీ ఫొటోలు తీయాలి మేడమ్! తొమ్మిదింటికి! కారొస్తుంది!"

"పెద్దమ్మ కోసం వస్తుంది. అంతకుముందు లైటు కింద ఎవరో ఒకరు కూర్చోవాలిగా. నేను కూర్చుంటాను."

"నీకేమైనా మతిపోయిందా పిన్నీ? ఆ కోటు గుండీలెందుకు పెట్టుకుంటున్నావు? కుదరదని చెప్పు!"

"ఉండరా, కంగారుపెట్టకు. ఇదిగో అమ్మాయ్, రేపు తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చో. గడ్డం కొంచెం పైకి, రెండు చెవులూ కనపడాలి. నేను పదకొండింటికి వస్తాను."