పైపెదవి మీద కండ

"నాయనమ్మా, నవ్వొచ్చినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటావేంటి?"

అడిగావా! ఎప్పుడో అడుగుతావనుకున్నాలే. చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేనమ్మా. ఇదిగో, పైపెదవి మీద తెల్లగా చిన్న చుక్కుంది చూడు. అక్కడ శనగగింజంత కండ వేలాడేది నాకు. అందరూ పులిపిరనేవాళ్ళు. ఎనభైల్లో మాట, దర్శి కాడ మన ఊళ్ళోనే. మీ నాన్న అప్పుడే బడికి... కాదు కాదు, ఇంకా చంకలోనే ఉన్నాడు.

మిరపకోతల్లో ముఖానికి గుడ్డ కట్టుకుంటాం గదా, కనపడేది కాదు. చర్చిలోనే చచ్చేచావు. ప్రభుబల్ల ఆదివారం ద్రాక్షరసం ఒకటే గిన్నెలో తిప్పేవాళ్ళు, ఒకళ్ళు తాగి పక్కవాళ్ళకివ్వాలి. నా తర్వాత తాగాల్సొస్తుందని ఆడోళ్ళు అటూ ఇటూ జరిగిపోయేవాళ్ళు. పైకి ఒక్కళ్ళూ అనలేదు, అదే ఇంకా బాధ. నాకై నేనే చివరి చాప మీదకి పోయా. మా అత్త, అదే మీ తాత వాళ్ళమ్మ, నోరు చెడ్డదేగానీ, వచ్చి నా తర్వాత కూర్చునేది. గిన్నె నా చేతిలోంచి లాక్కుని మరీ తాగేది. నా మూలాన ఆమె కూడా వెనక్కొచ్చిందే అని నాకు తల కొట్టేసినట్టుండేది.

ఎవరో చెప్పారని జట్కా గుర్రం తోక వెంట్రుక తెచ్చి ఆ కండకి బిగించి కట్టింది అత్తే. ఎండి ఊడిపోద్దంట. నేనూరుకున్నానా? మర్నాడే కోతకి పోయా. గుడ్డ లాగి చెమట తుడుచుకోబోయి ఆ కారం చేత్తోనే రుద్దేశా. ఇంకేముంది, మూతి బూరెలా పొంగింది. గంజి కూడా దిగలేదనుకో.

అప్పుడు మీ తాత ఒంగోలు తీసుకుపోయాడు. డాక్టరుగారు చూసి, "ఇది అంటుకునేది కాదమ్మా, వట్టి తోలు పెరిగిందంతే" అన్నారు. వాపు తగ్గాక మళ్ళీ వెళ్తే, మొద్దుబారడానికి సూదేసి, కరెంటు పుల్లతో అట్టా ముట్టించారు. వెంట్రుక కాలిన వాసనొచ్చింది. నేనింకా కళ్ళు మూసుకునే ఉన్నా, అయిపోయింది లేమ్మా అన్నారు. కుట్లు కూడా లేవు. ఇంతోటి దానికా ఇన్నేళ్ళు తలొంచుకున్నానని బస్సులో ఒకటే ఏడుపు.

పుండు మానాక, బల్ల ఆదివారం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని ముందు చాప మీద కూర్చున్నా. అత్త మాత్రం ఆ చివరి చాప మీదే ఉంది. నేను తాగి గిన్నె పక్కనున్న సువార్తమ్మకిచ్చా. నాతో కోతకొచ్చే మనిషే, మంచిదే. నా మూతి వంక చూసింది. ఏమీ లేదని చూసింది. చూసి కూడా, కొంగుతో గిన్నె అంచు తుడిచి తాగింది, అందరి ముందూ. అప్పుడు మూతి మీదకి పోయిన చెయ్యి, ఇదిగో, ఇప్పటికీ పోతానే ఉంది.

పై నెల మళ్ళీ చివరి చాపకే పోయా. అత్త జరిగి చోటిచ్చింది. గిన్నె రాగానే, నేనట్టా తాగానో లేదో, నా చేతిలోంచి లాక్కుంది.

సర్లే... నువ్వు మాత్రం పళ్ళన్నీ కనపడేట్టు నవ్వు తల్లీ, నిండు నూరేళ్ళూ. కొంగు అడ్డం పెట్టావో, చూడు నేనేం చేస్తానో...