నాంచారి బావి మింగిన మైకు

తూము పక్కన చింతచెట్టు, చింతచెట్టు కింద నాంచారి బావి. గొడ్లు తోలుకుపోయేవాడైనా దానికి ఎడంగా గట్టు దిగి చుట్టూ తిరిగిపోతాడు గానీ దాని పక్కనుంచి పోడు, ఆ చెట్టు కాయ రాలితే ఏరుకునే దిక్కు లేదు, కాయ కాయగానే ఎండి మట్టిలో కలవాల్సిందే. పోబాకండి అని మీ అమ్మలు చెప్తారు గదా, ఎందుకు పోగూడదో ఒక్కతన్నా చెప్పిందా? చెప్పదు, దానికీ తెలీదు. నాకు తెలుసు. కూర్చోండి. ముందున్నోళ్ళు కాస్త జరగండమ్మా, ఎగువ చేలోళ్ళు వెనక గోడకు ఆనుకొని నిలబడ్డారు, వాళ్ళకు బాగా వినపడాలి, ఈ కథ వాళ్ళదే.

నాంచారి మా దిగువ పాలెం మనిషి, మొగుడు లేడు, కాలవ చివర ఎకరం చెక్క ఉంది. మన కాలవకు వంతులుంటయ్ గదా, ఇయ్యాళ ఎగువ చేలు, రేపు నడిమి చేలు, ఎల్లుండి దిగువ పాలెం, అట్టా. వంతు వచ్చినప్పుడు తూము కాడ మనిషి లేకపోతే ఆ నీళ్ళు పైవాడికి పోతయ్. ఆమె రెండు పగళ్ళు తూము మీదే కూర్చుంది, ఇదిగో అదిగో అని ఈ ఎగువ చేలోళ్ళు వంతు జరుపుతానే పోయారు, మూడోనాడు ఆమె ఇంటికిపోయి నాలుగు మెతుకులు తినొచ్చేసరికి వంతు అయిపోయిందన్నారు. చేను ఎండింది. ఆ వారంలోనే ఆమె ఆ బావిలో తేలింది. పడిందన్నారు. పడిందో, పడేశారో, తనే దూకిందో, చూసినోడెవడు? అప్పట్నుంచి దీపాలు పెట్టే వేళకు బావిలోంచి ఏడుపు. విన్నోళ్ళు విన్నామన్నారు, విననోళ్ళు ఇంకా ఎక్కువ విన్నామన్నారు.

అప్పుడు మన ఊరికి కొత్తగా పంచాయతీ రేడియో, దానికి మాటను గట్టిగా చేసే మైకు పెట్టె వచ్చినయ్. సాయంత్రం కాసేపు భజన పాటలు, ఆ తర్వాత నీళ్ళ వంతు ఎవరిదో చెప్పటం. మాట బయటికొచ్చే బాకా ఊళ్ళో ఒకటి, మా పాలెంలో వేపమాను మీద ఒకటి. సర్పంచి గురవయ్యకు బుర్రలో ఒక ఆలోచన మెరిసింది, మెరిసిందంటే మెరిసింది మరి. పాపం నాంచారికి మంచిమాట చెప్పేవాళ్ళు లేకే గదా ఏడుస్తంది, దాని చెవిన కూడా నాలుగు భజన పాటలు పడితే ఊరుకుంటదిలే అన్నాడు. అని, పాలేనికి పోయే తీగలో చింతచెట్టు కాడ ఒక పాయ చీల్చి, మూడో బాకా తెచ్చి, తాడు కట్టి బావిలోకి దించారు. దెయ్యానికి మైకు పెట్టిన ఊరు ఇంకోటుంటే చెప్పండి, నేను పోయి దణ్ణం పెట్టొస్తా. పనికొచ్చిందా అంటే వచ్చింది. ఏడుపు ఆగింది. బావిలోంచి పాటలు వినపడేవి, నీళ్ళ వంతు కూడా వినపడేది, ఊరంతా గురవయ్యను మెచ్చుకున్నారు, ఆ తర్వాత ఆ బాకా సంగతే మర్చిపోయారు.

మూడేళ్ళు గడిచినయ్. ఊళ్ళో బాకా పెట్టె పక్కనే గాబట్టి పలుకుతానే ఉంది గానీ, మా వేపమాను మీద బాకాకు గొంతు పోయింది. దాని కింద నిలబడి చెవి పైకెత్తినా దోమ రొద అంత వినపడేది. వరస తెలిసినా వంతు ఏ పూటకు జరిపారో తెలీదు, పోయేసరికి అయిపోయేది. అడిగితే గురవయ్య ఏమనేవాడో తెలుసా, మేం మైకులో చెప్పాం, మీకు వినపడకపోతే మా తప్పా అనేవాడు. మరి ఎవరు తింటన్నారయ్యా ఆ గొంతు అంటే, నాంచారి మింగుతంది, చచ్చినా దాని కడుపు నిండలా అనేవాళ్ళు. నవ్వేవాళ్ళు కూడా. మా వంతు నీళ్ళు ఎగువ చేలల్లో పారుతంటే వాళ్ళకు నవ్వు రాక ఏడుపొస్తదా? ఆ ఏడు మా నాయన వరి పొట్ట మీదుంది, ఇంకొక్క తడి పడితే గింజ, పడకపోతే గడ్డి. పాలెం మొత్తం అదే లెక్కన ఉంది.

మా ఇంటాయన, ఖాసిం, టూరింగు టాకీసులో ఆపరేటరు దగ్గర ఆరేళ్ళు పనిచేసొచ్చాడు, పంచాయతీ మైకు ఆయన చేతికే ఇచ్చారు. ఆ పెట్టె ఇప్పటి వాటిలాగా నొక్కంగానే పలికేది కాదు. లోపల గాజు వాల్వులు, దీపాల్లాగా ఎర్రగా కాగి వేడెక్కిందాకా ఆగితేనే మాట్లాడేది. ఆయన దాన్ని ముందేసుకొని రెండు పగళ్ళు కూర్చున్నాడు. వెనకున్న పెద్ద వాల్వులు రెండూ మార్చాడు, మీటరు పెట్టి చూశాడు, దుమ్ము దులిపాడు, అన్నీ బాగానే ఉన్నయ్. మా పాలెం బాకాకు ముప్పై వాట్లు రావాల్సింది మూడు కూడా రావట్లా. అప్పుడేం చేశాడంటే, బయటికి పోయే తీగలన్నీ పీకేసి, బాకా ఉండాల్సిన చోట లారీ ముందు దీపం బల్బు ఒకటి తగిలించాడు. తగిలించి, గురవయ్యను పిలిచి, నోటికొచ్చింది మాట్లాడమన్నాడు.

గురవయ్య హలో అన్నాడు, బల్బు వెలిగింది. ఊరుకున్నాడు, ఆరింది. గట్టిగా అంటే గట్టిగా వెలిగింది, మెల్లగా అంటే మెల్లగా. అమ్మా, మాటతో దీపం వెలగటం నేనప్పుడే చూశా. ఊరు ఊరంతా పంచాయతీ కాడ మూగి, వాళ్ళ పేరు వాళ్ళే చెప్పుకొని వెలిగించుకున్నారు. మా ఇంటాయన అన్నాడు గదా, అయ్యా, మాటకు బలం పెట్టె దాటేదాకా ఉంది, దారిలోనే ఎవరో తింటన్నారని. నాంచారే అని నలుగురూ అన్నారు. నాంచారి కాదు, మీరు దించిన బాకా, మూడేళ్ళు నీళ్ళల్లో నాని లోపల తీగా తీగా అంటుకుపోయి ఉంటది, వచ్చిన బలమంతా అదే లాగేస్తంది, పిలిచి పీటేసింది మీరు, తిన్నదని ఆమెను తిడితే ఎట్టా అన్నాడు. చింతచెట్టు కాడ ఆ పాయ కోసేస్తే మొత్తం పాలేనికి చేరుద్ది అన్నాడు.

గురవయ్య మొహం మాడింది. ఆ తీగ ముట్టుకుంటే నీ పని పోద్ది, నాంచారి మళ్ళీ మొదలుపెడితే ఊరికి నువ్వు జవాబు చెప్తావా అన్నాడు. ఊరికోసమే అన్నాడులే, ఆయనకున్న పదహారెకరాలూ ఎగువ చేలల్లోనే ఉండటం వేరే సంగతి. మా ఇంటాయన తల వంచుకొని ఇంటికొచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు పంచాయతీ మనిషివి, నేను కాదు గదా, నా పని ఎవడు తీసేస్తాడో చూస్తా అన్నా. కొడవలి తీసుకొని బయల్దేరా. ఆయన సైదమ్మా అన్నాడు, గుమ్మానికి అడ్డం మాత్రం రాలా, ఆయనకు నా సంగతి తెలుసు.

పొద్దు నడినెత్తిన ఉంది. దెయ్యాలకు అదీ వేళే, నాకు తెలుసు, తెలిసే పోయా, ఎందుకంటే వరస ప్రకారం ఆ సాయంత్రం చెప్పబోయే వంతు మాదే. చెట్టు కాడికి పోయా, భయం లేదని చెప్తే కళ్ళు పోతయ్. కొమ్మకు రెండు తీగలు ముడేసున్నయ్, ఒకటి పాలెం వైపు, ఒకటి బావిలోకి. బావిలోకి పోయేది ఒక్క వేటు కోసేశా. ఊరికే పోవచ్చు గదా, పోలా. గురవయ్యకు సాక్ష్యం చూపించాలి గదా అని తాడు పట్టుకొని బాకాను పైకి లాగా.

చూస్తే ఏముంది, నోటి నిండా బురద. వెనకున్న డబ్బా తుప్పు పట్టి చేత్తో నలిపితే పొడైంది, లోపల పీతలు కాపరం ఉన్నయ్. అది పలికి ఏళ్ళయింది. అప్పుడు దాన్ని చప్పున కింద పెట్టేశా. ఎందుకో మీకు తెలిసిందా? ముందురోజు సాయంత్రం కూడా బావిలోంచి భజన వినపడింది, వంతు చెప్పటం మాట తెలీకుండా లీలగా వినపడింది, దూరం నుంచి నేను నా చెవులతో విన్నా. మరి ఈ బాకా పలకకపోతే పలికిందెవరు?

బావిలోంచి మెల్లగా ఒక మాటొచ్చింది. వంతు చెప్పారా?

అంతే. ఏడుపు కాదు, కోపం కాదు, తూము కాడ కూర్చున్న ఆడమనిషి పక్కావిడను అడిగినట్టు అడిగింది. నాకెక్కడో రోషం పుట్టింది, ఈమెను వంతుకోసం చచ్చినాక కూడా కూర్చోబెట్టారే అని ఏడుపూ వచ్చింది. చెప్పలా పిన్నీ, సాయంత్రం చెప్తారు, దిగువ పాలెం వంతే, ఈసారి అందరికీ వినపడుద్ది, నువ్వూ విను అన్నా. అని బాకాను భుజానేసుకొని వెనక్కి చూడకుండా వచ్చేశా.

ఆ సాయంత్రం వేపమాను మీద బాకా మోగితే కాకులు లేచిపోయినయ్, పసిపిల్లలు జడుసుకున్నారు, పోయిన గొంతంతా ఒక్కసారే వచ్చింది. రేపు దిగువ పాలెం వంతు, పొద్దు పొడిచిందగ్గర్నుంచి పొద్దు గుంకే దాకా. తెల్లారి పాలెమంతా పారలు పట్టుకొని తూము కాడికి పోయాం. పోతే నీళ్ళు ఎగువ చేలకు వదిలే తూము తలుపు ఎత్తేసుంది, గురవయ్య, ఇంకో పదిమంది గట్టు మీద నిలబడున్నారు. వంతు మాది గదయ్యా అంటే, ఎవరు చెప్పారు, మేం వినలా అన్నారు. మొన్నటిదాకా వినపడనిది మాకు, ఆ పూట వినపడనిది వాళ్ళకు. మా నాయన పార ఎత్తాడు, ఆ పక్కా ఎత్తారు, రక్తం కళ్ళజూసే లెక్కే.

బావి పలికింది. రేపు దిగువ పాలెం వంతు అని, మైకులో రోజూ వంతు చదివే పంచాయతీ వాడు చెప్పినట్టే, వాడి దగ్గుతో సహా చెప్పింది, చెప్పి, ఆ రేపు ఇయ్యాళే గురవయ్యా అంది. అది మాత్రం మైకులో చెప్పిన మాట కాదు. గురవయ్య మా ఇంటాయన వైపు చూశాడు, ఆ బాకా తీసేయించు అని గొణిగాడు. నేను ముందురోజు తెచ్చిన తుప్పు బాకాను ఆయన కాళ్ళ ముందు పడేశా. ఇదిగో బాకా, తీగ కూడా నేనే కోశా, ఇప్పుడు పలికేదేందో నువ్వే పోయి తొంగి చూసిరా అన్నా. ఆయన తొంగి చూడలా. తలుపు దించటానికి పదిమందీ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ ఏడు మా వరి గింజ పట్టింది.

ఇప్పుడా పెట్టె మా అటక మీదుంది, వాల్వులు దొరకవు, వంతులు సెల్లుల్లో వస్తన్నయ్. అయినా మొన్న ఎవరో పొద్దున్నే ఎగువ తలుపు ఒక జానెడు ఎత్తబోయి, చెప్పులు ఆడే వదిలేసి ఇంటికొచ్చి జ్వరంతో పడుకున్నాడంట. పేరు నేనడగలా, వెనక గోడకానుకున్నోళ్ళల్లో ఒకడు చెప్పుల్లేకుండా నిలబడ్డాడు, అది చాలు నాకు. మా పాలెం ఆడోళ్ళం ఆ పక్కకు పోతానే ఉంటాం, పిన్నీ బాగున్నావా అంటాం, వస్తాం. మీరు మాత్రం పోబాకండి. పోక తప్పకపోతే, ఆ పూట వంతు ఎవరిదో కనుక్కొని పోండి.