పడమటి గోడకు పూసిన సిమెంటు

నా పేరు దారా జాన్‌బాబు. తండ్రి పాల్. వయసు నలభై ఎనిమిది. చల్లపల్లి దగ్గర తాపీ మేస్త్రీని. ఈ ఉదయం 8.40కి నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. ముందు బడికి ఫోన్ చేయమన్నాను. వివరాలు రాశాక చేద్దామని ఎస్సై గారు అన్నారు. బడి తొమ్మిదింటికి తెరుస్తారు.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకు లెక్చరర్ అనంతకృష్ణ గారి ఇంటి పడమటి గోడ కూలింది. వంటమనిషి సీతమ్మ గారి కాలు నలిగింది. మట్టితో ఇల్లు కట్టించినందుకు అందరూ ఆయన్నే తిడుతున్నారు. తప్పు మట్టిది కాదు, నాది.

రెండేళ్ల కిందట ఆ ఇల్లు కట్టింది నేను. గోడలకు గానుగ సున్నమే పూయాలి, సిమెంటు తగలకూడదని ఆయన గట్టిగా చెప్పారు. మా తాత కూడా కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి సున్నమే పూసేవాడు. నాకు తెలియక కాదు. మొదటి వానకు పూత మీద చారలు పడ్డాయి. "ఏం మేస్త్రీ, సిమెంటుకి కరువొచ్చిందా, మట్టి పిసుకుతున్నావ్?" అని దారిన పోయేవాళ్లు నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఆయన విజయవాడ వెళ్లినప్పుడు పడమటి గోడకు బయట సిమెంటు పూసి, కనపడకుండా పైన వెల్ల వేశాను. గట్టిగా ఉంటుందనే చేశాను.

సిమెంటు పగిలితే నీరు దిగుతుంది. దిగిన నీటిని అది మళ్లీ బయటికి పోనివ్వదు. పోయిన నెల ఆ గోడ అడుగున నొక్కితే నా వేలు లోపలికి దిగింది. పైన మళ్లీ వెల్ల కొట్టి వచ్చేశాను. భయపడ్డాను.

ఆయన కూతురు శ్రీజ గారి బడి కూడా నేను కట్టిన మట్టి ఇల్లే. దాని పడమటి గోడకు కూడా అలాగే చేశాను. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. మూడు రోజులుగా వాన. నిన్ననే చెప్పాల్సింది. జైల్లో వేస్తారని చెప్పలేదు. బడి తొమ్మిదింటికి తెరుస్తారు.

8.55కి ఎస్సై గారు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. "పిల్లలు అప్పుడే వచ్చేశారండీ. వాకిట్లో జల్లు కొడుతోందని పడమటి గోడ వారన కూర్చోబెట్టాను" అన్నారు శ్రీజ గారు.

"అమ్మా, జాన్‌బాబునండీ. అందర్నీ బయటికి తియ్యండమ్మా. పుస్తకాలు వదిలెయ్యండి" అని అరిచాను.

ఆమె ఫోన్ పెట్టేయకుండానే పిల్లల్ని వానలో నిలబెట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. మొత్తం పందొమ్మిది మంది ఉండాలి. పద్దెనిమిది దగ్గర ఆగిపోయారు. "బ్లెస్సీ కనపడట్లేదండీ, లోపలికెళ్లి చూస్తాను" అన్నారు.

వెళ్లొద్దన్నాను. బ్లెస్సీ నా కూతురు. దాన్ని ఈ ఉదయం నేనే బడికి పోవద్దని ఇంట్లో ఉంచి వచ్చాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. జరిగింది ఇదే. నన్నెవరూ బెదిరించి చెప్పించలేదు. బ్లెస్సీ గురించి చెప్పిన ఆ చివరి రెండు మాటలూ కొట్టేయమని నేను అడగలేదు.

(సంతకం) దారా జాన్‌బాబు
ఉదయం 9.20