ఆగస్టులో క్రిస్మస్ బట్టలు

ఆగస్టు ఉక్కపోతలోనూ ఆమె కుట్టుమిషను ఆగడం లేదు. గుమ్మంలో నిలబడ్డ భర్తకు నవ్వు ఆగడం లేదు.

“క్రిస్మస్ బట్టలు ఇప్పుడేంటే? ఇంకా నాలుగు నెలలు టైముంది!”

“పోయినేడు ఊరందరికీ కొత్తవి కుట్టిచ్చి, మన పిల్లని పాత గౌనులో చర్చికి తీసుకెళ్లా. తల కొట్టేసినట్టయింది. ఈసారి ముందు మనింటివి. తర్వాతే ఎవరివైనా.”

“అప్పటికి అది పొడుగైపోదూ?”

“అంచు నాలుగంగుళాలు లోపలికి మడిచా. నెలకో అంగుళం పెరిగినా ఢోకా లేదు.”

“అమ్మో! మరి నా చొక్కా?”

“అదిగో, అయిపోయింది. వేసుకోండి.”

వేసుకున్నాడు. ఊపిరి బిగబట్టినా పొట్ట దగ్గర బొత్తాం కాజాను అందుకోలేదు.

“కొలత తప్పావే!”

“తప్పలేదు. మన పెళ్ళినాటి కొలత అది. మీరే అన్నారుగా, ఇంకా నాలుగు నెలలు టైముందని.”